నడుము లోతు నీళ్లలో పగడాలు: అపోహలు, వాస్తవాలు

అండమాన్‌లో స్నార్కెలింగ్ (ఊపిరి గొట్టం, కళ్లద్దాల మాస్క్ పెట్టుకుని నీటిపై బోర్లా తేలుతూ కింద ఉన్నవి చూడటం) గైడ్‌గా పనిచేస్తున్నాను. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్) ఎలిఫెంట్ బీచ్‌కి వచ్చే మనవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: లోతు లేదు కదా, అలిసిపోతే నిలబడొచ్చు.

వాస్తవం: మీ కాళ్ల కింద ఉన్నది బండరాయి కాదు, పాలిప్‌లనే చిన్న చిన్న జీవులు వేల సంఖ్యలో కలిసి కట్టుకున్న ఇల్లు. గుండ్రంగా కనిపించే పొరైటిస్ పగడం ఏడాదికి సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది. మోకాలెత్తు పగడం వయసులో మీకంటే పెద్దదే కావచ్చు! ఒక్కసారి దాన్ని తొక్కితే పైనున్న పల్చటి ప్రాణమున్న పొర నలిగిపోతుంది. కొమ్మల పగడమైతే పుటుక్కున విరుగుతుంది. పగడం (కోరల్) గీరుకుంటే మీకూ కష్టమే, ఆ గాయం తొందరగా మానదు, చీము పట్టే ప్రమాదముంది. అలిసిపోతే వెల్లకిలా తిరిగి తేలండి. నిలబడక తప్పదంటే కింద ఇసుక ఉన్నచోటు చూసుకోండి. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, కొన్నిచోట్ల పొట్ట పగడాలకు తగులుతుంది, అందుకే పోటు ఎప్పుడో గైడ్‌ని అడిగి దిగండి.

అపోహ: మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారు, తెలిసిపోతుంది.

వాస్తవం: చాలాసార్లు చప్పుడే ఉండదు. స్నార్కెల్ పెట్టుకుని బోర్లా తేలుతున్న మనిషి కదలకపోతే చేపల్ని చూస్తున్నాడనుకుంటాం. ఈ పనిలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. జంటగా దిగండి, మాటిమాటికీ తల ఎత్తి ఒకరినొకరు చూసుకోండి. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి, దాచొద్దు.

అపోహ: ఈత రాకపోతే కుదరదు.

వాస్తవం: లైఫ్‌జాకెట్, పక్కన గైడ్ ఉంటే కుదురుతుంది. ముందు ఒడ్డు దగ్గరే నోటితో ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోండి.

అపోహ: ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన కోరల్ ముక్క తీసుకెళ్తే తప్పేంటి?

వాస్తవం: వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలు కూడా పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి. చచ్చిన ముక్కకీ అదే చట్టం. ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో దొరికితే కేసు.

అపోహ: తెల్లబడిన పగడం చచ్చిపోయినట్టే.

వాస్తవం: ఇంకా బతికే ఉండొచ్చు. పగడం లోపల ఉండే సూక్ష్మమైన నాచే దానికి రంగు, ఎక్కువ భాగం తిండి కూడా. నీళ్లు వేడెక్కితే పగడం ఆ నాచుని బయటకు నెట్టేసి, ఆకలితో తెల్లగా మిగులుతుంది. 2010లో అండమాన్‌లో ఇది చాలా తీవ్రంగా జరిగింది. నీళ్లు త్వరగా చల్లబడితే మళ్లీ కోలుకోవచ్చు. అలాంటి పగడం మీద ఫిన్స్‌తో (ఈతకు కాళ్లకు తొడుక్కునే రెక్కలు) ఇసుక చల్లినా అదనపు భారమే, దూరంగా ఉండి చూడండి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ కూడా వద్దు, ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ వేసుకుంటే వీపు కాలదు.