అయిదు కిలోల కన్నీటి ఉప్పు

మెక్సికో రచయిత్రి లారా ఎస్కివెల్ 1989లో రాసిన ‘కోమో ఆగ్వా పారా చోకొలాతే’ నవల ఉల్లిపాయలు తరగడంతో మొదలవుతుంది. ఆ ఘాటుకు కడుపులోని బిడ్డ ఏడ్చి ఏడ్చి, నెలలు నిండకుండానే వంటబల్ల మీద పుట్టేస్తుంది. ఆ బిడ్డే కథానాయిక టీటా. కన్నీళ్ళు వంటింట్లో వరదలా పారతాయి. ఎండకు నీరంతా ఇగిరిపోయాక, వంటమనిషి నాచా ఎర్ర పలకల నేల మీద మిగిలిన ఉప్పును ఊడ్చి అయిదు కిలోల సంచి నింపుతుంది.

ఈ లెక్క నన్ను వదలలేదు. కన్నీటిలో ఉప్పు ఇంచుమించు సెలైన్‌లో ఉన్నంతే, అంటే లీటరుకు 9 గ్రాములు. 5 కిలోలు రావాలంటే 555 లీటర్ల కన్నీరు కావాలి. మామూలుగా ఒక కన్ను నిమిషానికి ఒక మైక్రోలీటరు చొప్పున, రోజుకు సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లు ఊరిస్తుంది. ఆ వేగంతో ఒక కంటికి వెయ్యేళ్ళు పడుతుంది! పైగా అప్పుడే పుట్టిన పిల్లలు గుక్కపెట్టి ఏడ్చినా మొదటి వారాల్లో కన్నీళ్ళు దాదాపు కారవు. అయితే వరద మాత్రం అబద్ధం కాదు: 20 చదరపు మీటర్ల గదిలో 555 లీటర్లు పోస్తే నీళ్ళు అంగుళం పైన నిలుస్తాయి. అద్భుతాన్ని కూడా తూకం వేసి చెప్పడమే ఎస్కివెల్ గొప్పతనమని నా నమ్మకం. నవల పన్నెండు అధ్యాయాలూ పన్నెండు వంటకాలు. వంట చెప్పేవాళ్ళకు కొలత లేకుండా మాట రాదు.

1950లో మెక్సికో నగరంలో పుట్టిన ఆమె చిన్నపిల్లలకు పాఠాలు చెప్పారు, వాళ్ళ కోసం నాటకాలు రాశారు. 1985లో ‘చీదో గ్వాన్’ అనే సినిమాకు స్క్రీన్‌ప్లే రాశాకే నవలకు వచ్చారు. తల్లికి సేవ చేయడం కోసం పెళ్ళికి నోచుకోని టీటా అనే పెద్దావిడ ఆమె బంధువుల్లో నిజంగానే ఉండేవారు. ఈ నవల ఆధారంగా 1992లో వచ్చిన సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా ఎస్కివెల్‌దే. టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేసిన తండ్రి జీవితం 2001లో మరో నవలకు ప్రేరణ అయింది.

ఇక ఉల్లిపాయ సంగతి. దాని కణంలో ఐసోఅల్లిన్ అనే గంధక పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైమ్ మరోచోట విడివిడిగా ఉంటాయి. కత్తి పడగానే గోడలు తెగి రెండూ కలుస్తాయి, సల్ఫెనిక్ ఆమ్లం పుడుతుంది. కథ ఇంతటితో అయిపోయిందనే చాలాకాలం అనుకున్నారు. 2002లో జపాన్ శాస్త్రవేత్తలు రెండో ఎంజైమ్‌ను పట్టుకున్నారు. ఆ ఆమ్లాన్ని సిన్-ప్రోపేన్‌థయాల్-ఎస్-ఆక్సైడ్ అనే వాయువుగా మార్చేది అదే. వెల్లుల్లిలో అల్లినేజ్ పుష్కలంగా ఉన్నా మనల్ని ఏడిపించదు; అందులో ప్రధానంగా ఉండేది అల్లిన్ అనే మరో గంధక పదార్థం, ఐసోఅల్లిన్ చాలా తక్కువ. ఆ వాయువు కంటిపొరలోని నాడులను తాకితే, కంటిని కడగమని మెదడు కన్నీటి గ్రంథులను ఆదేశిస్తుంది. ఎంజైముల పాఠాన్ని ఉల్లిపాయతో మొదలుపెట్టే మాస్టారు దొరికితే పిల్లలు దాన్ని ఎన్నటికీ మరచిపోరు.

నడినెత్తిన చిన్న ఉల్లిముక్క పెట్టుకుంటే కన్నీళ్ళు రావని నవలలో కథ చెప్పే టీటా అక్క మనవరాలు సలహా ఇస్తుంది. నెత్తిన పెట్టిన ముక్కకు కంటివైపు వచ్చే వాయువును ఆపే దారి లేదు. కోసేముందు ఉల్లిపాయను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లదనానికి ఎంజైములు మందగిస్తాయి, వాయువు కూడా తక్కువగా లేస్తుంది. కత్తికి పదును పెట్టించండి; మొండి కత్తి కోయడం కన్నా కణాలను చిదమడమే ఎక్కువ.