లినక్స్ ఎక్కింది, కంప్యూటర్ లేవదు

చిట్టితల్లీ,

ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద “నో బూటబుల్ డివైస్” అని వస్తోందనీ, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలా అనీ అడిగావు. వద్దమ్మా, డిస్క్ అప్పుడే చెరపొద్దు. ఇల్లు నిక్షేపంలా ఉండి ఉంటుంది. దారి చెప్పేవాడే కనబడలేదు.

కొత్త ఊళ్లో బస్సు దిగిన చుట్టాన్ని ఊహించుకో. బస్టాండు పక్కన టీకొట్టులో అడగాలని తప్ప అతనికేమీ తెలీదు. ఆ చుట్టం మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు లేచే ప్రోగ్రామ్. టీకొట్టు ఈఎఫ్ఐ పార్టిషన్, అంటే డిస్క్‌లో బూట్ ఫైళ్ల కోసం విడిగా ఉంచిన చిన్న భాగం. ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతిలో, 100 ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఉంటుంది. కొట్టువాడు గ్రబ్, అంటే లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్. ఇల్లు లినక్స్.

తరచూ జరిగే పొరపాటేమిటంటే, పెన్‌డ్రైవ్‌ను లెగసీ (యూఈఎఫ్ఐకి ముందున్న పాత) పద్ధతిలో బూట్ చేసి ఎక్కించడం. అప్పుడు గ్రబ్ పాత బస్టాండులో కొట్టు పెడతాడు, చుట్టమేమో కొత్త బస్టాండులో దిగుతాడు. “గ్రబ్ రెస్క్యూ” అని వస్తే మాత్రం కొట్టువాడున్నాడు, అడ్రసు కాయితమే పోయింది. పార్టిషన్లు కదిపితే అలా అవుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చుట్టం కొట్టువాణ్ణి గుర్తింపు కార్డు (డిజిటల్ సంతకం) కూడా అడుగుతాడు. ఉబుంటు, ఫెడోరాలకు ఆ కార్డు ఉంది.

గ్రబ్ మెనూ వచ్చాక తెర నల్లబడితే కొట్టువాణ్ణి అనుమానించకు, చాలాసార్లు అది గ్రాఫిక్స్ కార్డు పేచీ. మెనూలో ‘ఇ’ అక్షరం నొక్కి, “లినక్స్” అని మొదలయ్యే వరుస చివర “నోమోడ్‌సెట్” చేర్చి ఎఫ్10 నొక్కు.

ఇప్పుడు నీ సంగతి. పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరువు. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్. పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకో. “ట్రై ఉబుంటు” (డిస్క్‌లో ఎక్కించకుండా వాడి చూసే పద్ధతి)లోకి వెళ్లి, సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందేమో చూడు. ఉంటే సరైన బస్టాండులోనే దిగావు.

గ్రబ్‌ను మళ్లీ కూర్చోబెట్టేటప్పుడు అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకో. డిస్క్‌లోని లినక్స్‌ను మౌంట్ చేసి (అంటే ఒక ఫోల్డర్‌కు తగిలించి), దాని బూట్ ఫోల్డర్‌లోని ఈఎఫ్ఐ దగ్గర ఆ టీకొట్టు పార్టిషన్‌ను మౌంట్ చేసి, సీహెచ్‌రూట్ ఆదేశంతో ఆ లినక్స్ లోపలికి వెళ్లాకే గ్రబ్-ఇన్‌స్టాల్ ఆదేశం, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్. ఈ వరస తప్పకూడదు.

దానికి ముందు టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ‘ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్’ కొట్టు. చుట్టం జేబులోని చిట్టా మొత్తం కనిపిస్తుంది! అందులో ఉబుంటు పేరుండి వరసలో కింద ఉంటే, దాన్ని పైకి తెచ్చి చూడు, అంతకుమించి పని ఉండకపోవచ్చు. అసలు లేకపోతే, ఉన్న పేర్లన్నీ కాయితం మీద రాసి నాకు పంపు.

మీ తాతయ్య