అంకె తగ్గకముందే: సెరిబ్రల్ పాల్సీ పిల్లల ఊపిరిని కనిపెట్టుకోవడం

సెరిబ్రల్ పాల్సీ అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని, కండరాలూ కదలికలూ అదుపు తప్పే స్థితి. ఇందులో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, ఆ తర్వాత తొలి ఏళ్లలోనో జరిగిన నష్టం అక్కడితో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల సంగతి అలా కాదు. అవి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దెబ్బతింటూ వస్తాయి. కదలికలు బాగా తక్కువున్న పిల్లల్ని పదేపదే ఆసుపత్రికి చేర్చేదీ, చివరికి ప్రాణం తీసేదీ ఎక్కువగా ఊపిరితిత్తుల జబ్బే. ఇంట్లోవాళ్ల ధ్యాస మాత్రం కాళ్ల మీద, మాట మీద ఉంటుంది. ఎప్పుడు నడుస్తాడు, ఎప్పుడు అమ్మా అంటాడు అన్నదే బెంగ. డాక్టర్లు అడిగే ప్రశ్నలు కూడా చాలాసార్లు అక్కడే ఆగిపోతాయి.

నిజానికి కనిపెట్టడం మొదలుపెట్టాల్సింది అన్నం దగ్గర. గొంతులో కొంతదూరం గాలికీ అన్నానికీ దారి ఒక్కటే. ముద్ద మింగే క్షణంలో ఊపిరి ఆగాలి, స్వరపేటిక పైకి లేవాలి, గాలిగొట్టం మూసుకోవాలి. ఇదంతా సుమారు ఒక్క సెకనులో అయిపోవాలి. ఆ వరసను నడిపించేది మెదడు. వరస తప్పితే మెతుకులో, పాలో, లాలాజలమో ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మనకైతే పొలమారి గట్టిగా దగ్గు వస్తుంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ పక్కనున్నవాళ్లు నెత్తి మీద తడతారు. ఈ పిల్లల్లో కొందరికి ఆ దగ్గే రాదు. పొలమారినట్టు ఎవరికీ తెలియదు. తెలిసేది పరోక్షంగానే: తిన్నాక గొంతు తడితడిగా గరగరలాడటం, సగం తినేసరికి ఆయాసం, కళ్లలో నీళ్లు, ఒక్కో పూట భోజనం అరగంట దాటిపోవడం, కారణం అంతుపట్టకుండా మళ్లీమళ్లీ వచ్చే జ్వరం. పిల్లవాడు సరిగ్గా తినడని విసుక్కునే ముందు ఇవన్నీ ఒకసారి చూసుకోవాలి.

మన ఇళ్లలో చంటిపిల్లల్ని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోయడం పాత అలవాటు. మెడ నిలవని పిల్లలకు ఐదారేళ్లు వచ్చినా అలాగే తినిపిస్తుంటారు. తల వెనక్కి వాలితే గాలిగొట్టం దారి మరింత తెరుచుకుంటుంది. పైగా నీళ్లు, పల్చటి మజ్జిగ లాంటివి చిక్కటి జావ కంటే వేగంగా జారతాయి కాబట్టి ప్రమాదం వాటితోనే ఎక్కువ. ఏది ఎంత చిక్కగా ఉండాలో మాత్రం ఊహించి తేల్చుకోకూడదు. ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం తినిపిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తే ముద్ద ఏ దారిన పోతోందో తెరమీద కనిపిస్తుంది.

వెన్ను వంకర తిరిగితే ఛాతీ విచ్చుకోదు. కండరాల్లో బలం లేకపోతే కఫం పైకి రాదు. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నితే అదీ ఊపిరితిత్తుల్లోకే పోవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈ పిల్లల్ని కొన్నేళ్లపాటు గమనించిన పరిశోధకులు, ఎవరికి ముప్పు ఎక్కువో ముందే చెప్పగల గుర్తుల్ని వెతికారు. గడిచిన ఏడాదిలో ఊపిరి ఇబ్బందితో ఆసుపత్రిలో చేరడం, మింగడంలో కష్టం, మూర్ఛలు, తినేటప్పుడు దగ్గు, రోజూ రాత్రి గురక పెట్టడం వాటిలో ఉన్నాయి. ఇవి చెప్పడానికి స్టెతస్కోప్ అక్కర్లేదు, అమ్మ చాలు. నాకు ఆ పరిశోధనలో బాగా నచ్చిన విషయం ఇదే.

ఇక కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లకు చేరిన ఆక్సీమీటర్. దీని వెనకున్న సూత్రాన్ని 1970ల్లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టారు. ఎరుపు, పరారుణ కాంతుల్ని వేలిగుండా పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఏ కాంతి ఎంత పీల్చబడిందో పోల్చి ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. నాడి కదలికను నమ్ముకున్న యంత్రం కాబట్టి, చేతులు అదుపు లేకుండా కదిలే పిల్లల్లో అంకె గంతులేస్తుంది. చల్లబడిన వేళ్లతోనూ అదే తంటా. ముదురు రంగు చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం గట్టిగా గుర్తుచేసింది.

అసలు చిక్కు మరొకటి. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి చాలావరకు పడిపోయినా ఆక్సీమీటర్ చూపే శాతం 90 పైనే నిలబడుతుంది, ఆ తర్వాత గబగబా జారిపోతుంది. ఈలోగా పిల్లవాడు వేగంగా, కష్టపడి ఊపిరి తీస్తూ ఆ అంకెను నిలబెడుతుంటాడు. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటే ఆక్సీమీటర్‌కు అసలే తెలియదు. ఆక్సిజన్ పెట్టి ఉంచినప్పుడైతే అంకె చూసి మోసపోవడం మరీ తేలిక.

అందుకే ఊపిరి లెక్కపెట్టడం అనే పాత పద్ధతికి విలువ తగ్గలేదు. నిమిషం పాటు, పూర్తిగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నిమిషానికి 2 నుంచి 11 నెలల పిల్లల్లో 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 40 లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. అయితే సెరిబ్రల్ పాల్సీ పిల్లల విషయంలో ఎవరి మామూలు వాళ్లది. ఒకరికి ఎప్పుడూ గొంతు గరగరలాడుతుంది, మరొకరికి ఆక్సీమీటర్‌లో 94 రోజువారీ సంగతి. బాగున్న రోజున, నిద్రపోతున్నప్పుడు లెక్కపెట్టి రాసిపెట్టుకుని, ఛాతీ కదలికను ఫోన్‌లో చిన్న వీడియో తీసుకుంటే, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో కొత్త డాక్టరుకు తేడా చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీస్తుంటే అదీ వీడియో తీయాల్సిందే. నిద్ర పరీక్ష అవసరమా అన్నది దాన్నిబట్టి తేలుతుంది.

డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఆక్సీమీటర్ ఏం చూపించినా సరే వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. ఆ స్థితిలో నోటికి ఏమీ పట్టకూడదు, మంచినీళ్లు కూడా.