వెనేడియం ఫ్లో బ్యాటరీలు: అపోహలు - వాస్తవాలు

గ్రిడ్ కోసం పెట్టే ఫ్లో బ్యాటరీలను నడిపించడం, చూసుకోవడం నా పని. ఫ్లో బ్యాటరీ అంటే కరెంటును ట్యాంకుల్లోని ద్రవంలో నిల్వ చేసే బ్యాటరీ, ఇక్కడ ఆ ద్రవంలో ఉండేది వెనేడియం అనే లోహం. చదువుకున్న ఇంజనీర్ల నోట కూడా తరచూ వినిపించే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ట్యాంకులు పెద్దవైతే ఎక్కువ పవర్ వస్తుంది.

వాస్తవం: పవర్ ఎంతన్నది స్టాక్‌ని బట్టి ఉంటుంది. ఆ పవర్ ఎన్ని గంటలు అందుతుందో తేల్చేది ట్యాంకులు. స్టాక్ అంటే వరసగా బిగించిన సెల్స్. ఒక్కో సెల్‌లో రెండు కార్బన్ ఫెల్ట్ ఎలక్ట్రోడ్లు, మధ్యలో పల్చటి మెంబ్రేన్ ఉంటాయి. రెండు ట్యాంకుల్లోనూ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిన వెనేడియమే ఉంటుంది. పంపులు దాన్ని మెంబ్రేన్‌కి చెరోవైపు పారించి తిరిగి ట్యాంకులకు చేరుస్తాయి. డిశ్చార్జ్‌లో నెగటివ్ వైపు వెనేడియం ఎలక్ట్రాన్‌ని వదిలి 2 నుంచి 3వ స్థితికి వెళ్తుంది (ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో చెప్పే అంకె ఇది). పాజిటివ్ వైపుది ఎలక్ట్రాన్‌ని తీసుకుని 5 నుంచి 4కి దిగుతుంది. ఛార్జింగ్‌లో ఇదంతా తిరగబడుతుంది. నెగటివ్ ట్యాంకు నుంచి కాస్త నమూనా తీసి పల్చన చేసి చూస్తే ఛార్జ్ అయినప్పుడు ఊదా రంగు, ఖాళీ అయినప్పుడు ఆకుపచ్చ. ఊదా ద్రవానికి గాలి తగిలితే అది కూడా ఆకుపచ్చకు తిరుగుతుంది, అంటే ఛార్జ్ పోతోందన్నమాట. అందుకే ఆ ట్యాంకులో పైన నైట్రోజన్ నింపి ఉంచుతాం.

4 గంటల బ్యాటరీని 8 గంటలది చేయాలంటే స్టాక్‌ల జోలికి పోనక్కర్లేదు, ఎలక్ట్రోలైట్ (ట్యాంకుల్లోని ఆ ద్రవం) పెంచితే చాలు. చైనాలోని దాలియన్‌లో 2022లో మొదలైన ప్లాంటు 100 మెగావాట్లది, నిల్వ 400 మెగావాట్ అవర్లు. పూర్తి పవర్‌తో 4 గంటలు నడుస్తుంది.

అపోహ: రెండు ద్రవాలూ కలిస్తే బ్యాటరీ పని అయిపోయినట్టే.

వాస్తవం: మెంబ్రేన్ గుండా వెనేడియం కొద్దికొద్దిగా అటూ ఇటూ దాటుతూనే ఉంటుంది. దాంతో కెపాసిటీ తగ్గుతుంది, ద్రవం మాత్రం పాడవదు. రెంటినీ కలిపి సమంగా పంచి మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ నష్టం తీరిపోతుంది. వెనేడియం బ్యాటరీకి ముందు నాసా ప్రయత్నించిన ఐరన్-క్రోమియం బ్యాటరీలో చెరోవైపు వేరే లోహం ఉండటంతో ఇదే పెద్ద తలనొప్పి. 1980ల్లో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మరియా స్కిల్లాస్-కజాకోస్ బృందం రెండువైపులా వెనేడియమే వాడి దాన్ని దాటింది. నాకు ఈ బ్యాటరీలో బాగా నచ్చే విషయం ఇదే. అయితే గాలి తగలడం వల్ల, హైడ్రోజన్ వెలువడటం వల్ల రెండువైపుల ఛార్జ్‌లో వచ్చే తేడా కలిపినంత మాత్రాన పోదు. దానికి వేరే ట్రీట్‌మెంట్ కావాలి.

అపోహ: నిప్పు అంటుకోదు కాబట్టి ప్రమాదమే లేదు.

వాస్తవం: ద్రవం అంటుకోదు, నిజమే. కానీ అది గాఢమైన ఆమ్లం. లీకైతే ఆపడానికి చుట్టూ గట్టు, పనిచేసేవాళ్లకు కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

అపోహ: ఒకసారి పెట్టేస్తే చూసుకోవాల్సిన పనేమీ లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ వేడితోనే. పాజిటివ్ ద్రవం 40 డిగ్రీలు దాటి అలాగే ఉంటే వెనేడియం పెంటాక్సైడ్ గట్టిపడి ఫెల్ట్‌లో ఇరుక్కుంటుంది, ప్రవాహం తగ్గిపోతుంది. కూలింగ్‌కీ పంపులకీ కరెంటు ఖర్చవుతుంది. ఎఫిషియెన్సీ (పెట్టిన కరెంటులో తిరిగి వచ్చే భాగం) ఇంత శాతం అని ఎవరైనా చెబితే, ఈ రెండు ఖర్చులూ తీసేశాక వచ్చిన అంకేనా అని ముందు అడగండి.