ఫ్రాంక్ హర్లీ: మంచులో కెమెరామన్ గురించి అపోహలు - వాస్తవాలు

డాక్యుమెంటరీలకు కెమెరా పట్టి బతికేవాణ్ని. మా వాళ్లు నలుగురు కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు ఫ్రాంక్ హర్లీ కబుర్లు వస్తాయి. 1914లో ధ్రువ అన్వేషకుడు షాకిల్టన్ బృందంతో ఎండ్యూరెన్స్ ఓడలో అంటార్కిటికా వైపు వెళ్లిన ఆస్ట్రేలియా కెమెరామన్ ఆయన. ఆ కబుర్లలో సగమే నిజం.

అపోహ: ఓడ మునిగినా ఫొటోలన్నీ దక్కాయి.

వాస్తవం: దక్కినవి కొన్నే. 1915 జనవరిలో అంటార్కిటికాను ఆనుకుని ఉన్న వెడెల్ సముద్రపు మంచు ఓడను బిగించేసింది. నవంబరు వచ్చేసరికి ఓడ నలిగిపోయి లోపలికి నీళ్లొచ్చాయి. హర్లీ ఆ మంచునీళ్లలోకి దిగి నెగటివ్‌ల డబ్బాలు పైకి తీశాడు. నీళ్లు చొరకుండా మూతలకు సోల్డరింగ్ చేసి ఉండటంతో అవి బతికాయి. ఇంతవరకు అందరూ చెప్పేదే. తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. అప్పట్లో నెగటివ్ అంటే గాజు పలక. అంత బరువు లాక్కుని మంచు మీద నడవలేరు. షాకిల్టన్, హర్లీ కూర్చుని ఒక్కో పలకా చూసి 120 దాకా ఉంచారు. సుమారు 400 అక్కడికక్కడే పగలగొట్టారు, మళ్లీ మనసు లాగకుండా. నేనేమో హార్డ్ డిస్క్‌లో పాడైన టేక్ తీసేయడానికే వారం తిరుగుతాను.

అపోహ: 1919 నాటి హర్లీ సినిమా 'సౌత్' మొత్తం ఆ యాత్రలోనే తీశారు.

వాస్తవం: సినిమా కెమెరాను మంచు మీదే వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాత హర్లీకి మిగిలింది జేబులో పట్టే కొడాక్, మూడు రోల్స్ ఫిల్మ్. ఓడ పోయాక తలదాచుకున్న ఎలిఫెంట్ దీవిలో, సాయం కోసం ఎదురుచూస్తూ 22 మంది నాలుగు నెలలకు పైగా ఎలా గడిపారో చూపే కదిలే బొమ్మ ఒక్కటీ లేదు. జంతువుల దృశ్యాల కోసం ఆయన 1917లో మళ్లీ దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవికి వెళ్లాడు.

అపోహ: ఉన్నది ఉన్నట్టే చూపించాడు.

వాస్తవం: 'రక్షించడానికి పడవ వచ్చింది' అని పేరుపడ్డ ఫొటో నిజానికి 1916 ఏప్రిల్ 24న సాయం కోసం వెళ్తున్న పడవకు వీడ్కోలు చెప్పినప్పటిది. దానికి మార్పులు చేసి, అర్థాన్నే తిప్పేశాడు. 1917లో మొదటి ప్రపంచయుద్ధ రంగంలో కూడా వేర్వేరు నెగటివ్‌లు కలిపి ఒకే ఫొటో చేస్తానంటే ఆస్ట్రేలియా యుద్ధ చరిత్రకారుడు చార్లెస్ బీన్ అది నకిలీ అని గొడవపడ్డాడు. నేను బీన్ పక్షమే. పనితనం మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను.

అపోహ: చీకట్లో తెల్లగా మెరిసే ఆ ఓడ ఫొటో వెన్నెల్లో తీసింది.

వాస్తవం: 1915 ఆగస్టులో ఓడ చుట్టూ 20 దాకా ఫ్లాష్‌లు పేల్చి తీశాడు. ఆ వెలుగుకు కళ్లు బైర్లు కమ్మి, దారి తెలియక, మోకాళ్ల కింద ఎముకలకు మంచుగడ్డలు కొట్టుకుంటూ ఆయన మెత్తటి మంచులో కూరుకుపోయాడు.