అమెరికా ఎన్నికల్లో డబ్బు, రాజ్యాంగ సవరణ: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఎన్నికల కమిటీలకు లెక్కలు రాయడం నా పని. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ చెక్కు తీసుకోవచ్చు, ఏది వెనక్కి పంపాలి, ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కు ఏ గడువులోగా ఏం చూపించాలి అని రోజంతా చూసుకుంటూ ఉంటాను. ఎన్నికల ఏడాది వచ్చిందంటే మన తెలుగువాళ్ల ఇళ్లలో ఫండ్‌రైజర్లు మొదలవుతాయి. అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఇంత డబ్బు పారుతోంది, రాజ్యాంగం మార్చి ఆపేయొచ్చు కదండీ?" సవరణ రావాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ అది ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది తెలియకుండా కోరుకుంటే రేపు చేతికి వచ్చేది పనికిరాని సవరణ కావచ్చు. ఆ భయంతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: కంపెనీలు ఎన్నికల్లో ఖర్చు చేయొచ్చన్న 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ సుప్రీంకోర్టు తీర్పును తిరగరాస్తే చాలు.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది. అసలు మూలం 1976లో ఉంది. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో అమెరికా కాంగ్రెస్ గట్టి చట్టం చేసింది. విరాళాలకూ పరిమితి పెట్టింది, ఖర్చుకూ పెట్టింది. బక్లీ వర్సెస్ వాలియో కేసులో సుప్రీంకోర్టు దాన్ని రెండు ముక్కలు చేసింది. పెద్ద విరాళం ఇచ్చినవాళ్లు బదులుగా పని చేయించుకునే ప్రమాదం ఉంది కాబట్టి విరాళాల పరిమితి ఉండొచ్చంది. ఖర్చుకు పరిమితి పెట్టడం మాత్రం మాట్లాడే హక్కును తగ్గించడమే అంటూ దాన్ని కొట్టేసింది. అభ్యర్థి సొంత డబ్బు ఎంతైనా పెట్టుకోవడం, ధనవంతుడు ఎవరి ప్రమేయం లేకుండా సొంతంగా ఎంతైనా ఖర్చు చేయడం ఆ రోజు నుంచే ఉన్నాయి. 34 ఏళ్ల తర్వాత సిటిజన్స్ యునైటెడ్ తీర్పు అదే తలుపును కంపెనీలకూ, కార్మిక సంఘాలకూ తెరిచింది. అదే ఏడాది స్పీచ్‌నౌ కేసులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పుతో సూపర్ ప్యాక్‌లు పుట్టాయి, అంటే అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా, ఎంతైనా విరాళం తీసుకుని సొంతంగా ప్రచారానికి ఖర్చు చేసే సంఘాలు.

2024 ఎన్నికల్లో ఇలాన్ మస్క్ ఒక్కరే 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. అందులో ఎక్కువ భాగం సూపర్ ప్యాక్ ద్వారా వెళ్లింది. రేపు సూపర్ ప్యాక్ దారి మూసేసినా, అంత డబ్బున్న మనిషి తన పేరు మీదే టీవీ ప్రకటనలు కొనుక్కోవచ్చు. ఆ హక్కు 1976 తీర్పు ఇచ్చింది. అందుకే ఎవరైనా సవరణ ముసాయిదా చూపిస్తే నేను ముందు ఒక్క సంగతి వెతుకుతాను: "కంపెనీలు మనుషులు కావు" అని చెప్పి ఊరుకుందా, లేక వ్యక్తుల ఖర్చుకు కూడా పరిమితి పెట్టే అధికారం ఇచ్చిందా? మొదటిది మాత్రమే ఉంటే కంపెనీ ఆగుతుంది, దాని యజమాని ఆగడు.

అపోహ: ఇప్పుడు కంపెనీలు అభ్యర్థులకే నేరుగా కోట్లు ఇచ్చేస్తున్నాయి.

వాస్తవం: ఫెడరల్ ఎన్నికల్లో కార్పొరేషన్లు అభ్యర్థికి విరాళం ఇవ్వడం 1907 నుంచే నిషేధం. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. 2025-26లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ప్రైమరీకి (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు) 3,500 డాలర్లు, అసలు ఎన్నికకు మరో 3,500 మాత్రమే ఇవ్వగలరు. మనవాళ్లు చాలామంది అభిమానంతో బిజినెస్ ఖాతా చెక్కు రాసేస్తారు. అది కార్పొరేషన్ ఖాతా అయితే నేను వెనక్కి పంపక తప్పదు, ఏమీ అనుకోకండి. సూపర్ ప్యాక్‌కు మాత్రం ఎంతైనా ఇవ్వొచ్చు. అది అభ్యర్థితో కలిసి పథకం వేయకూడదన్నది ప్రధాన షరతు. అభ్యర్థి దగ్గర నిన్నటిదాకా పనిచేసినవాళ్లే సూపర్ ప్యాక్ నడుపుతుంటే ఆ షరతు ఏపాటి నిలుస్తుందో మీరే చెప్పండి.

అపోహ: హెచ్-1బి మీద ఉన్నా పన్ను కడుతున్నాం కాబట్టి విరాళం ఇవ్వొచ్చు.

వాస్తవం: ఇవ్వకూడదు. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మాత్రమే ఇవ్వాలి. ఒకసారి ఒక కుర్రాడు తన 100 డాలర్లు స్నేహితుడి పేరు మీద రాయమన్నాడు. పాపం, అది నేరమని అతనికి తెలియదు. వేరేవాళ్ల పేరుతో ఇవ్వడం ఎవరికైనా నేరమే. దీనికీ సవరణకూ సంబంధం లేదు, కానీ మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడే చోటు ఇది.

అపోహ: సవరణ అసాధ్యం. అధ్యక్షుడే సంతకం పెట్టడు.

వాస్తవం: సవరణకు అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. రెండు సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు, 50 రాష్ట్రాల్లో 38 ఆమోదం కావాలి. కష్టమే. 2014 సెప్టెంబరులో సెనేట్‌లో ఇలాంటి ప్రతిపాదనకు 54 మంది అనుకూలంగా, 42 మంది వ్యతిరేకంగా ఓటేశారు. చర్చ ముగించడానికే 60 కావాలి, అక్కడే ఆగిపోయింది. కానీ సుప్రీంకోర్టు మాటను సవరణతో మార్చిన సందర్భాలున్నాయి. ఆదాయపన్నుపై 1895లో కోర్టు పెట్టిన అడ్డు 1913లో 16వ సవరణతో పోయింది. 18 ఏళ్లకు ఓటు హక్కు ఇచ్చిన 26వ సవరణను 1971లో దాదాపు వంద రోజుల్లోనే రాష్ట్రాలు ఆమోదించాయి.

అపోహ: సవరణ నెగ్గిన రోజే పరిమితి వచ్చేస్తుంది.

వాస్తవం: 2014 ప్రతిపాదన లాంటివి పరిమితి పెట్టే అధికారం ఇస్తాయి, అంతే. అంకె వేయాల్సింది మళ్లీ చట్టసభే, అంటే ఇప్పటి డబ్బుతో గెలిచినవాళ్లే. పదవిలో ఉన్నవాళ్లు పరిమితిని మరీ తక్కువగా పెడితే కొత్తవాళ్లు జనానికి తమ పేరు కూడా చేర్చలేరు. 2006లో వెర్మాంట్ రాష్ట్ర పరిమితులు మరీ తక్కువని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ అభ్యంతరం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. అమలు సంగతి ఇంకో టెన్షన్. ఫెడరల్ ఎన్నికల కమిషన్‌లో ఆరు స్థానాలు. ఒక పార్టీ నుంచి ముగ్గురికి మించకూడదు, ఏ నిర్ణయానికైనా నాలుగు ఓట్లు కావాలి. మూడు-మూడుగా చీలి ఫిర్యాదులు ఆగిపోవడం ఏళ్ల తరబడి మామూలుగా జరిగింది.

ఇండియా సంగతి కూడా అడుగుతుంటారు. తెలుగు రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షల పరిమితి ఉంది. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేకపోయింది, మామూలు చట్టమే సరిపోయింది. కానీ పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. అభ్యర్థి చూపించిన లెక్కకూ ఊళ్లో కళ్లకు కనిపించేదానికీ పొంతన ఉండదని మనందరికీ తెలుసు.

అపోహ: సవరణ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

వాస్తవం: డబ్బు ఎక్కడిదో బయటపెట్టించడానికి సవరణ అక్కర్లేదు. సిటిజన్స్ యునైటెడ్ తీర్పులోనే 9 మంది న్యాయమూర్తుల్లో 8 మంది ఆ నిబంధనలను సమర్థించారు. న్యూయార్క్ నగరంలో స్థానికులు ఇచ్చే చిన్న విరాళానికి నగరం ఎనిమిది రెట్లు కలుపుతుంది. సియాటిల్‌లో నివాసులకు 25 డాలర్ల వోచర్లు నాలుగు ఇస్తారు, నచ్చిన స్థానిక అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు.

మెయిన్ రాష్ట్రంలో 2024 నవంబరులో ఓటర్లు భారీ మెజారిటీతో సూపర్ ప్యాక్‌లకు ఇచ్చే విరాళానికి 5,000 డాలర్ల పరిమితి పెట్టారు. 2025లో ఫెడరల్ కోర్టు దాన్ని అడ్డుకుంది, కేసు అప్పీలుకు వెళ్లింది. స్పీచ్‌నౌ తీర్పు సరైనదేనా అన్నది సుప్రీంకోర్టు ఆ తీర్పు వచ్చినప్పుడు చూడనే లేదు. మెయిన్ కేసు పైదాకా వెళితే ఆ ప్రశ్న నేరుగా కోర్టు ముందుకొస్తుంది. సవరణ కోసం పనిచేసే మిత్రులకు ఈ కేసును కూడా గమనించమనే చెబుతున్నాను.