నొప్పి తెలియని పాదం

చెన్నైలో తమిళుల పెరటాసి నెల వస్తే తిరుమల నడక మొక్కులు మొదలవుతాయి. మన తెలుగు ఇళ్లలోనూ చెప్పుల్లేకుండా తారు రోడ్డు మీద బయల్దేరేవాళ్లుంటారు. వాళ్లలో ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లను చూస్తే డాక్టర్లకు టెన్షన్. అరికాలు బొబ్బలెక్కినా వాళ్లకు తెలియకపోవచ్చు.

చక్కెర ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పొడవాటి నరాలు ముందుగా దెబ్బతింటాయి. అందుకే తిమ్మిరి కాలివేళ్ల దగ్గర మొదలై, సాక్సు తొడిగినట్టు పైకి పాకుతుంది. మంటలు, పోట్లు ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతారు. నొప్పేమీ తెలియనివాళ్లే ఆలస్యంగా వస్తారు. చెమట పట్టించే నరాలూ పాడై చర్మం ఎండి పగులుతుంది. పాదంలోని చిన్న కండరాలు నీరసించి వేళ్లు వంకర తిరుగుతాయి, దాంతో బరువు వేళ్ల మొదట్లో ఒకేచోట పడుతుంది. అక్కడ ఆనెకాయ కడుతుంది. నా దృష్టిలో అసలు దొంగ అదే. పైన గట్టి చర్మం, కింద అడుగడుక్కీ నలిగే కండ. నొప్పి ఉంటే మనిషి కుంటేవాడు, ఆ చోటుకి కాస్త విశ్రాంతి దొరికేది. ఇంట్లో బ్లేడుతో చెక్కుకుంటే పని ఇంకా చెడుతుంది.

దీన్ని ముందుగా అర్థం చేసుకున్నది షుగర్ డాక్టర్లు కాదు. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన సర్జన్ పాల్ బ్రాండ్, 1946లో వెల్లూరుకు వచ్చి కుష్ఠు రోగులకు వైద్యం చేశాడు. వాళ్ల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో నమ్మేవారు. స్పర్శ లేక తగిలించుకున్న దెబ్బలే చాలావరకు కారణమని ఆయన తేల్చాడు. తర్వాత అమెరికా వెళ్లి, పుండు మీద బరువు పడకుండా పాదమంతా అంటుకునేలా వేసే పిండికట్టును అక్కడి షుగర్ రోగులకూ వాడాడు. మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కూడా కుష్ఠు వైద్యం నుంచి వచ్చినవే. వేలి సందులో పట్టీ ఉన్న చెప్పుల కన్నా, మడమ వెనక పట్టీ ఉన్నవి మేలు.

స్పర్శ పరీక్షకు పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ తీగను అరికాలికి ఆనించి అది వంగేదాకా నొక్కుతారు. అప్పుడు పడే ఒత్తిడి 10 గ్రాములు. అది తెలియలేదంటే కాపాడే స్పర్శ పోయినట్టే. ఏడాదికోసారైనా చేయించుకోవాలి.

ఒక్కోసారి పుండేమీ లేకుండానే పాదం వాచి, ఎర్రబడి, రెండో పాదం కన్నా వేడిగా ఉంటుంది. నొప్పి అంతగా ఉండదు. బెణికిందనుకుని మర్దన చేయించుకునేవాళ్లు, పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లు ఉంటారు. లోపల ఎముకలు విరిగి, కీళ్లు చెదిరిపోతూ ఉండవచ్చు. దాన్ని షార్కో పాదం అంటారు. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, అప్పటిదాకా ఆ కాలు నేల మీద మోపకూడదు.